బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్, తిరుగుబాటు మూకీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మూకీల మీద మాట మొదలైతే ఎక్కడ తిరిగినా చివరికి సోవియట్ సినిమా 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్'లో కనిపించే ఒడెస్సా మెట్ల దగ్గరికే చేరుతుంది. ఒడెస్సా నల్ల సముద్రం ఒడ్డున ఉన్న రేవుపట్నం. ఆ మెట్ల గురించి, ఆ ఓడ గురించి, తిరుగుబాట్ల మీద తీసిన తొలి సినిమాల గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. సినిమా ఇంకా చూడనివాళ్ళు ముందు చూసి వచ్చినా మంచిదే. నిడివి గంటా పావుకు అటూఇటూ. కథ తెలిసిపోతే ఆసక్తి చచ్చిపోయే రకం సినిమా కాదు కాబట్టి చదివాక చూసినా నష్టం లేదు.

పొటెమ్కిన్ అంటే ఓడా, మనిషా?

రెండూ. మనిషి 18వ శతాబ్దంలో కేథరిన్ రాణి కొలువులో చక్రం తిప్పిన గ్రిగోరీ పొటెమ్కిన్. క్రిమియాను రష్యాలో కలిపిన ఘనత ఆయనదే. ఆయన పేరు మీద జార్ (రష్యా చక్రవర్తి) ప్రభుత్వం నల్ల సముద్ర నౌకాదళానికి కట్టించిన యుద్ధనౌక 'ప్రిన్స్ పొటెమ్కిన్ తావ్రిచెస్కీ'. సినిమాలోది ఈ ఓడే. పెద్ద జమీందారు పేరు పెట్టుకున్న ఓడ చివరికి జమీందారీ వ్యవస్థ మీదే ఎర్రజెండా ఎగరేసింది.

1905లో ఆ ఓడ మీద నిజంగా ఏం జరిగింది?

అప్పటికి రష్యా జపాన్‌తో యుద్ధంలో ఉంది. మే నెలాఖరులో సుషిమా దగ్గర రష్యా నౌకాదళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. జనవరిలో పీటర్స్‌బర్గ్ వీధుల్లో అర్జీ పట్టుకుని వచ్చిన జనం మీద కాల్పులు జరిపి ఉన్నారు. ఊళ్ళలో సమ్మెలు, పల్లెల్లో దోపిళ్ళు. నల్ల సముద్రంలోని నావికుల్లో కొందరు రహస్యంగా సంఘం కట్టి, దళం మొత్తం ఒకేసారి తిరగబడాలని పథకం వేసుకున్నారు. పొటెమ్కిన్ మీద జరిగింది ఆ పథకం ప్రకారం కాదు. తిండి దగ్గర, ముహూర్తానికి ముందే పేలింది.

ఫిరంగి సాధన కోసం ఓడ టెండ్రా ఇసుక దిబ్బ దగ్గర లంగరు వేసి ఉంది. ఒడెస్సా నుంచి తెచ్చిన మాంసంలో పురుగులు లుకలుకలాడుతున్నాయి. ఓడ డాక్టర్ స్మిర్నోవ్ వచ్చి చూసి, కడిగితే సరిపోతుందని తేల్చేశాడు. ఆ మాంసంతో కాచిన బోర్ష్ట్‌ను, అంటే వాళ్ళ బీట్‌రూట్ సూపును, నావికులు ముట్టలేదు. రెండో అధికారి గిలియరోవ్‌స్కీ అందర్నీ డెక్కు మీద వరుసగా నిలబెట్టి బెదిరించాడు. గొడవ ముదిరింది. నావికుల నాయకుడు వకులెంచుక్‌ను గిలియరోవ్‌స్కీ కాల్చాడు. నావికులు గిలియరోవ్‌స్కీని చంపారు. కెప్టెన్ గోలికోవ్, డాక్టరు కూడా బతకలేదు. 18 మంది అధికారుల్లో 7గురు ఆ రోజే పోయారు. ఇది 1905 జూన్ 27 నాటి సంగతి. పాత పుస్తకాల్లో జూన్ 14 అని కనిపిస్తే తప్పనుకోకండి. రష్యా పాత పంచాంగం మన క్యాలెండర్‌ కంటే 13 రోజులు వెనక నడిచేది.

మత్యుషెంకో అనే నావికుడి నాయకత్వంలో కమిటీ ఏర్పడింది. ఓడ ఒడెస్సా చేరింది. అక్కడ అప్పటికే సమ్మె నడుస్తోంది. వకులెంచుక్ శవాన్ని రేవులో ఉంచితే జనం తండోపతండాలుగా వచ్చారు. ఆ రాత్రి రేవు తగలబడింది. సైన్యం చుట్టుముట్టి కాల్పులు జరిపింది. మంటల్లో, తూటాలకు వందల మంది చచ్చిపోయారు. మర్నాడు ఓడ ఊరి మీదికి రెండు గుండ్లు పేల్చింది. గురి సైనికాధికారుల సమావేశం మీద. రెండూ గురి తప్పాయి.

తర్వాత జార్ పంపిన నౌకాదళం ఎదురొచ్చింది. పొటెమ్కిన్ ఆ ఓడల మధ్య నుంచే దూసుకుపోయింది, ఎవరూ ఒక్క గుండు పేల్చలేదు. 'గెయోర్గీ పొబెదొనోసెత్స్' అనే మరో యుద్ధనౌక తిరుగుబాటులో కలిసింది కూడా. కానీ ఒక్క రోజులోనే అందులోని విధేయులు ఎదురుతిరిగి దాన్ని ఒడెస్సా దగ్గర ఇసుకలోకి ఎక్కించేశారు. ఇక పొటెమ్కిన్‌కు బొగ్గు లేదు, తాగడానికి నీళ్ళు లేవు. రుమేనియాలోని కాన్‌స్టాంట్సాకు, అక్కణ్ణుంచి క్రిమియాలోని ఫెయొదోసియాకు, మళ్ళీ కాన్‌స్టాంట్సాకు తిరిగి, జూలై 8న రుమేనియా వాళ్ళకు లొంగిపోయారు. మొత్తం కథ పదకొండు రోజులు.

మెట్ల మీద కాల్పులు నిజంగా జరిగాయా?

సినిమాలో చూపించినట్టు జరగలేదు. పట్టపగలు, తెల్లచొక్కాల సైనికులు వరుస కట్టి మెట్లు దిగుతూ, పిల్లల్నీ తల్లుల్నీ కాల్చుకుంటూ పోయిన ఘటన చరిత్రలో లేదు. నిజం చావులు రాత్రిపూట, రేవులో, పొగలో, తొక్కిసలాటలో జరిగాయి. కెమెరాకు పనికొచ్చే ఆకారం వాటికి లేదు. దర్శకుడు సెర్గేయ్ ఐసెన్‌స్టీన్ ఆ రాత్రి మొత్తాన్ని ఒక పగటిపూట మెట్ల మీదికి మార్చేశాడు. చెల్లాచెదురుగా పడి ఉన్న దారుణానికి ఒక వాలు ఇచ్చాడు.

ఇక్కడ నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపించే సంగతి ఒకటుంది. ఒడెస్సా వెళ్ళినవాళ్ళు ఆ మెట్ల దగ్గర నిలబడి 'ఇక్కడే కదా అంతమందిని చంపింది' అంటారు. వందల మంది నిజంగా చచ్చిపోయిన రేవు అదే మెట్ల కింద ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు. ఆ మెట్ల పేరే 1955లో పొటెమ్కిన్ మెట్లుగా మారింది. ఉక్రెయిన్ స్వతంత్రమయ్యాక పాత పేరు తిరిగి పెట్టారు గానీ జనం నోట పొటెమ్కిన్ పోలేదు.

ఆ మెట్లు అంత పొడవుగా నిజంగానే ఉంటాయా?

1837 నుంచి 1841 దాకా కట్టారు. మొదట 200 మెట్లు. రేవు పెంచినప్పుడు అడుగున ఎనిమిది పూడిపోయి ఇప్పుడు 192 ఉన్నాయి. పైన సన్నగా, కింద దాదాపు 22 మీటర్ల వెడల్పుతో ఉండటం వల్ల ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తాయి. పైనుంచి చూస్తే మధ్యలోని చదును ల్యాండింగులే తప్ప మెట్లు కనబడవు. కిందినుంచి చూస్తే మెట్లే తప్ప ల్యాండింగులు కనబడవు. సినిమాకోసమే కట్టారా అన్నట్టుంటుంది.

ఇంకేం మార్చారు?

పెద్దవి రెండు. మొదటిది టార్పాలిన్. సినిమాలో సూపు తాగనన్నవాళ్ళ మీద పెద్ద టార్పాలిన్ కప్పి, తుపాకులు గురిపెడతారు. చూస్తుంటే ఊపిరాడదు. అది ఐసెన్‌స్టీన్ పుట్టించిన సన్నివేశం. నౌకాదళంలో పనిచేసిన సలహాదారు 'అలాంటి పద్ధతి ఎక్కడా లేదు, జనం నవ్వుతారు' అన్నాడట. జనం నవ్వలేదు. మనుషులందరినీ ఒకేసారి కళ్ళకు గంతలు కట్టిన భావం ఆ గుడ్డతో వచ్చింది.

రెండోది ముగింపు. సినిమా, నౌకాదళం పక్కకు తప్పుకుని పొటెమ్కిన్‌కు దారి ఇచ్చిన క్షణంలో, నావికులు టోపీలు ఎగరేస్తుండగా ఆగిపోతుంది. లొంగుబాటు లేదు, రుమేనియా లేదు. ఎదురొచ్చే ఆ ఓడల షాట్లు కూడా పాత న్యూస్‌రీళ్ళ నుంచి ఏరుకున్నవి.

చూపించనిది మరొకటి. అదే ఏడాది అక్టోబరులో ఒడెస్సాలో యూదుల మీద మూకదాడులు జరిగాయి. 400 మందికి పైగా యూదులు చనిపోయారు. సినిమాలో గుంపులో ఒకడు యూదుల్ని కొట్టండని అరిస్తే జనమే వాణ్ణి చితకబాదుతారు. ఆశ బాగుంది. ఊరు మాత్రం నాలుగు నెలలకే అలా ప్రవర్తించలేదు.

అంటే ఇది ప్రచార సినిమాయేగా?

అవును, దాచాల్సిందేమీ లేదు. 1905 విప్లవానికి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా సోవియట్ ప్రభుత్వమే తీయించింది. నీనా అగజానోవా రాసిన స్క్రిప్టు ఆ ఏడాది మొత్తం గురించి. అందులో ఓడ కథ కొద్ది పేజీలే. లెనిన్‌గ్రాడ్‌లో షూటింగ్ మొదలుపెడితే వాతావరణం చెడిపోయింది. యూనిట్ దక్షిణాదికి, ఒడెస్సాకు వచ్చింది. అక్కడ ఆ మెట్లు చూశాక ఆ కొద్ది పేజీలే సినిమా అయిపోయాయి. అప్పటికి ఐసెన్‌స్టీన్ వయసు 27, ఇది రెండో సినిమా. 1925 డిసెంబరు 21న మాస్కో బోల్షోయ్ థియేటర్‌లో తొలి ప్రదర్శన. ఆ రోజు కూడా ఎడిటింగ్ పూర్తి కాలేదని, చివరి రీలులో ముక్కల్ని ఉమ్ముతో అతికించి పంపామని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఎంత నిజమో గానీ, వినడానికి బాగుంటుంది.

ప్రచారం అని తెలిసి కూడా ఒళ్ళు జలదరిస్తుంది. నా లెక్కలో ఈ సినిమాతో అసలు చిక్కు అదే. అబద్ధం నీరసంగా ఉంటే పక్కకు తోసేయొచ్చు.

మెట్ల సన్నివేశంలో అంత గొప్పేముంది?

దరువు. సైనికుల బూట్లు ఒకే తాళంలో దిగుతుంటాయి. జనం పరుగు ఆ తాళానికి అడ్డంపడుతూ ఉంటుంది. ఎడిటింగ్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఢీకొట్టిస్తుంది. దీన్నే మాంటేజ్ అంటారు. ఒక షాట్ పక్కన మరో షాట్ పెడితే, రెంటిలోనూ లేని మూడో అర్థం చూసేవాడి బుర్రలో పుట్టాలన్నది ఐసెన్‌స్టీన్ పట్టుదల. సినిమా మొత్తంలో 1300కు పైగా షాట్లున్నాయి. ఆ కాలానికి అది చాలా ఎక్కువ.

కాలాన్ని సాగదీయడం ఇంకో సంగతి. ఆ మెట్లు పరుగెత్తితే దిగడానికి ఎంతసేపు? తెరమీద మాత్రం జనం దిగుతూనే ఉంటారు. దిగినవాళ్ళే మళ్ళీ పైమెట్టు మీద కనిపిస్తారు. తరిమినట్టు వచ్చే కలలో ఎంత పరుగెత్తినా దారి తరగదే, అలాగన్నమాట. మధ్యలో ఒక్క తల్లి, తూటా తగిలిన కొడుకును రెండు చేతులమీద ఎత్తుకుని అందరికీ ఎదురుగా పైకి ఎక్కుతుంది. గుంపు కిందికి, ఆమె పైకి. మాట ఒక్కటి లేదు.

ఆ తర్వాత పసిబిడ్డ తోపుడుబండి. తల్లి తూటా తగిలి ఒరిగిపోతూ తన ఒంటితోనే బండిని తోసేస్తుంది. బండి ఒక్కో మెట్టూ దిగుతూ దొర్లిపోతుంది. కళ్ళజోడు ముసలావిడ కన్ను రక్తమోడుతూ నోరు తెరిచి ఉండగా సన్నివేశం తెగుతుంది. బండి ఏమైందో చూపించడు.

ఆ తోపుడుబండిని నేను వేరే సినిమాలో చూశాను కదా?

చూసే ఉంటారు. బ్రయన్ డి పాల్మా 1987లో తీసిన 'ది అన్‌టచబుల్స్'లో రైల్వే స్టేషన్ మెట్ల మీద తుపాకుల మధ్య దొర్లే బండి ఇదే. దాన్ని వెక్కిరించిన కామెడీలూ ఉన్నాయి.

రాతి సింహం లేచి నిలబడుతుంది. అది ట్రిక్కా?

మూడు వేర్వేరు విగ్రహాలు. క్రిమియాలోని అలుప్కాలో వొరొన్‌త్సోవ్ భవనం మెట్ల పక్కన నిద్రపోతున్న సింహం, మేలుకున్న సింహం, లేచిన సింహం ఉన్నాయి. మూడు షాట్లు వెంటవెంటనే వేస్తే రాయి ఉలిక్కిపడి లేచినట్టుంటుంది. కాల్పులకు జవాబుగా ఓడ ఫిరంగి పేల్చిన వెంటనే వస్తాయివి. నిజంలో గురి తప్పిన గుండ్లు తెరమీద సింహాన్ని కూడా లేపాయి.

నలుపు తెలుపు సినిమాలో ఎర్రజెండా ఎలా వచ్చింది?

చేత్తో రంగు వేశారు. ఫ్రేము తర్వాత ఫ్రేము, ఫిల్ము మీదే. అప్పటి ఫిల్ముకు ఎరుపు నల్లగా పడుతుంది కాబట్టి షూటింగ్‌లో తెల్లజెండా వాడారు.

షూటింగ్ అసలు ఓడ మీదే చేశారా?

లేదు. అసలు ఓడను అప్పటికే తుక్కు చేస్తున్నారు. తిరుగుబాటు అణిగాక జార్ ప్రభుత్వం దాని పేరు కూడా మార్చేసింది, 'పాంతెలేమోన్' అని ఒక క్రైస్తవ సెయింట్ పేరు పెట్టింది. సినిమాకు దొరికింది 'పన్నెండుమంది అపొస్తలులు' అనే మరో పాత యుద్ధనౌక. అది సేవస్తోపోల్ దగ్గర సముద్రపు మందుపాతరల గిడ్డంగిగా పడి ఉంది. కింద పేలుడు పదార్థాలు, పైన విప్లవం. గట్టిగా అడుగులేయడానికి కూడా భయపడుతూ తీశారు.

నటులు ఎవరు?

వకులెంచుక్‌గా అలెగ్జాండర్ అంతోనోవ్, గిలియరోవ్‌స్కీగా గ్రిగోరీ అలెగ్జాండ్రోవ్. మిగతావాళ్ళలో చాలామందికి నటన వృత్తి కాదు. ముఖం చూడగానే పాత్ర ఎవరో తెలిసిపోవాలని అలాంటి ముఖాల్ని వీధుల్లో వెతికి పట్టుకునేవాడు ఐసెన్‌స్టీన్. కెమెరామన్ ఎదువార్ద్ టిస్సే. శవం దగ్గరికి జనం వచ్చే ముందు రేవును కమ్మిన పొగమంచు షాట్లున్నాయి చూడండి, అవి అనుకుని తీసినవి కావు. షూటింగ్ కుదరని రోజున అందరూ ఊరకే కూర్చుంటే ఐసెన్‌స్టీన్, టిస్సే పడవ అద్దెకు తీసుకుని తిరిగొచ్చారు.

తిరుగుబాటు మీద వచ్చిన మొదటి సినిమా ఇదేనా?

కాదు, ఇరవై ఏళ్ళ ముందే ఉన్నాయి. ఇదే ఓడ తిరుగుబాటు మీద ఫ్రాన్సులోని పాథే కంపెనీకి లూసియన్ నొంగే అదే 1905లో చిన్న సినిమా తీసేశాడు. అప్పట్లో పత్రికలో వార్త చదివి స్టూడియోలో నాటకంలా ఆడించి తీసిన సినిమాలు న్యూస్‌రీళ్ళతోపాటే నడిచేవి. జనం ఏది అసలో ఏది నకలో పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. ఇవాళ్టి వాట్సాప్ వీడియోల మాదిరే.

1907లో ఆస్ట్రేలియాలో 'యురేకా స్టాకేడ్' వచ్చింది. 1854లో బంగారు గనుల కార్మికులు లైసెన్సు రుసుముల మీద తిరగబడిన కథ అది. అందులో ఇప్పుడు కొద్ది నిమిషాలే మిగిలాయి. 1908లో రష్యా తొలి కథాచిత్రం 'స్తెన్కా రాజిన్'. పదిహేడో శతాబ్దంలో జార్‌కు ఎదురుతిరిగిన కొసాక్కు నాయకుడి పేరది. పేరు విని ఆశపడకండి. జార్ కాలం కదా, తిరుగుబాటును పక్కన పెట్టి, మందు కొట్టి అనుమానంతో పర్షియా రాకుమారిని వోల్గాలోకి విసిరేసిన కథే చెప్పారు. అది కూడా పది నిమిషాలకు మించదు. ఐర్లాండ్ మీద 1911లో 'రోరీ ఓ మోర్' వచ్చింది. 1798 తిరుగుబాటు దాని నేపథ్యం.

పొటెమ్కిన్‌ను ఎక్కడెక్కడ నిషేధించారు?

ఎక్కువ చిత్రహింస పెట్టింది జర్మనీ. 1926లో ఒకసారి ఆపి, కోతలతో వదిలి, మళ్ళీ ఆపి, ఇంకొన్ని కోతలతో వదిలింది. సైనికులు చూడకూడదని విడిగా ఆజ్ఞ. దీని ఫలితం ఇవాళ్టి దాకా ఉంది. సోవియట్ వాళ్ళు అసలు నెగెటివే జర్మనీకి అమ్మేశారు, కోతలు దాని మీదే పడ్డాయి. బ్రిటన్‌లో 1926లో పడిన నిషేధం 1954 దాకా లేవలేదు. ఫిల్మ్ సొసైటీలు సభ్యులకు వేసుకునేవి. 1929లో లండన్ ఫిల్మ్ సొసైటీ అలాగే వేసింది.

సోవియట్‌లో కూడా చెయ్యి పడింది. సినిమా మొదట్లో తెరమీద వచ్చే అక్షరాల కార్డు మీద విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ వాక్యం ఉండేది. ఆయన మీద దేశద్రోహి ముద్ర పడ్డాక దాన్ని తీసేసి లెనిన్ వాక్యం పెట్టారు. తిరుగుబాటును పొగిడే సినిమాలోంచి తిరుగుబాటుదారుణ్ణి కత్తిరించారు.

1857 మీద మూకీలు వచ్చాయా?

వచ్చాయి, తెల్లవాళ్ళ వైపు నుంచి. అమెరికాలో ఎడిసన్ కంపెనీ 1912లో 'ది రిలీఫ్ ఆఫ్ లక్నో' తీసింది. లక్నో కోసం వాళ్ళు వెళ్ళింది బెర్ముడా. 1915లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ తీసిన 'ది క్యాంప్‌బెల్స్ ఆర్ కమింగ్' కూడా అదే మూస. నానాసాహెబ్ అందులో ప్రతినాయకుడని వేరే చెప్పక్కర్లేదు. మన సిపాయి వైపు నుంచి చూసే మూకీ మన దేశంలో తీసే అవకాశమే లేదు.

మన దగ్గర అసలు ఎవరూ ప్రయత్నించలేదా? అల్లూరి మీదైనా?

పక్కదారిలో ప్రయత్నించారు. 1918 చట్టం ప్రకారం 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు వచ్చాయి. అధ్యక్ష పీఠం మీద పోలీసు కమిషనర్. అందుకే పురాణం ముసుగు కావాల్సి వచ్చింది. 1921లో కోహినూర్ కంపెనీ 'భక్త విదుర'లో విదురుడికి ఖద్దరూ గాంధీ టోపీ తొడిగింది. మద్రాసులో, కరాచీలో నిషేధం పడింది. 1930లో శాంతారాం శివాజీ మీద మూకీ తీసి పేరులో 'స్వరాజ్య' అని పెడితే ఒప్పుకోలేదు. 'ఉదయ్‌కాల్' అని మార్చుకుని విడుదల చేసుకున్నారు.

ఇక అల్లూరి. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, 1924 మేలో కొయ్యూరు దగ్గర మరణం. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో స్టూడియో పెట్టి 1921లోనే 'భీష్మ ప్రతిజ్ఞ' తీసి ఉన్నారు. అంటే కెమెరా ఉంది, తీసేవాళ్ళున్నారు, మన్యంలో కథ కళ్ళముందే నడుస్తోంది. స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకుపోయినవాడి కథను పోలీసు కమిషనర్ దగ్గరికి సర్టిఫికెట్‌కు ఎవరు తీసుకెళ్తారు? తెలుగు తెర మీద అల్లూరి పూర్తి నిడివి కథగా రావడానికి 1974 కావాల్సి వచ్చింది, ఆయన పోయిన యాభై ఏళ్ళకు.

1946 బొంబాయి నావికుల తిరుగుబాటుకీ దీనికీ సంబంధం ఉందా?

సినిమా చూసి తిరగబడ్డారని అనలేం. పోలిక మాత్రం గట్టిది. 1946 ఫిబ్రవరి 18న 'తల్వార్' శిక్షణ కేంద్రంలో నావికులు తిండి బాగాలేదని, అధికారుల బూతులు పడలేమని అన్నం మానేశారు. అక్కడినుంచి రేవులోని ఓడలకు, కరాచీకి పాకింది. మరుసటి ఏడాది కలకత్తాలో సత్యజిత్ రాయ్, మిత్రులు ఫిల్మ్ సొసైటీ పెట్టినప్పుడు మొదట వేసిన సినిమా పొటెమ్కినే.

ఏ ప్రింటు చూడాలి?

2005లో బెర్లిన్‌లో బాగుచేసిన ప్రింటు చూడండి. కోసేసిన షాట్లు, ట్రాట్‌స్కీ కార్డు తిరిగొచ్చాయి. 1926లో జర్మనీ ప్రదర్శనల కోసం ఎడ్మండ్ మైసెల్ కట్టిన సంగీతం ఉంటుంది. ఓడ యంత్రాల చప్పుడు వాద్యాల్లోనే వినిపిస్తుంది. 1976 సోవియట్ ప్రింటులో సోవియట్ స్వరకర్త షొస్తకోవిచ్ సింఫనీల ముక్కలు అతికించారు. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ ఆ సంగీతం ఈ సినిమా కోసం పుట్టింది కాదు. ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరికేవాటిలో కొన్ని మరీ వేగంగా పరుగెడతాయి. మనుషులు గెంతుతున్నట్టు కనిపిస్తే ఆపేసి ఇంకోటి వెతుక్కోండి.

తర్వాత ఏం చూడాలి?

పుదోవ్‌కిన్ 'మదర్' (1926). గోర్కీ 'అమ్మ' చదివినవాళ్ళకు కథ తెలిసిందే. పారిస్ కమ్యూన్ (పారిస్ జనం తిరగబడి ఏర్పరచుకున్న ప్రభుత్వం) మీద 'న్యూ బాబిలోన్' (1929). కీవ్ కార్మికుల తిరుగుబాటు మీద దోవ్‌జెంకో 'ఆర్సెనల్' (1929), ఇది కొంచెం ఓపిక అడుగుతుంది. ఐసెన్‌స్టీన్ 'అక్టోబర్' (1928) చివరికి పెట్టుకోండి. అందులో జార్ శీతాకాల భవనం మీద దాడి, నిజంగా జరిగినదానికంటే చాలా పెద్దది.

ఆ నావికులు చివరికి ఏమయ్యారు?

చాలామంది రుమేనియాలోనే ఉండిపోయి కూలినాలి చేసుకున్నారు. తిరిగి వెళ్ళినవాళ్ళకు జైళ్ళు, సైబీరియా. మత్యుషెంకో ఐరోపా, అమెరికా తిరిగి 1907లో దొంగచాటుగా రష్యాకు వచ్చి దొరికిపోయాడు. సేవస్తోపోల్‌లో ఉరి తీశారు. ఇవాన్ బెషాఫ్ అనే నావికుడు మాత్రం ఊళ్ళు తిరిగి తిరిగి 1913లో ఐర్లాండ్ చేరాడు. నూరేళ్ళు దాటి బతికి 1987లో పోయాడు. డబ్లిన్‌లో ఆయన కుటుంబానిది చేపల వేపుడు, బంగాళదుంప ముక్కలు అమ్మే కొట్టు. బెషాఫ్ అన్న పేరుతో ఆ ఊళ్ళో బాగా తెలిసిన కొట్టే.